ఏడాదిలోపు పాపాయి ఉన్న ఇల్లు: ఏం మార్చుకున్నారు, ఏం మానేశారు?

గుణుపురం కోడలు:
అందరికీ నమస్కారం. పురిటికి పర్లాకిమిడి మా అమ్మగారింటికి వచ్చాను. బాబుకి నాలుగో నెల నడుస్తోంది, పండగ వెళ్ళాక గుణుపురం అత్తారింటికి వెళ్తున్నాం. అది పెంకుటిల్లు, వెనక పెరడు, నుయ్యి, కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచుకోవడం. పత్తి వేస్తారు కాబట్టి మందు డబ్బాలు వసారాలోనే ఓ మూల ఉంటాయి. అత్తమ్మా మామయ్యా వాడంటే ప్రాణం పెడతారు, ఆ విషయంలో నాకు ఏ బెంగా లేదు, కానీ ఇల్లు చూస్తే మాత్రం టెన్షన్‌గా ఉంది. నెట్‌లో వెతికితే దొరికేవన్నీ ఫ్లాట్లలో ఉండేవాళ్ళకే, మెట్లకి గేటు పెట్టండి, ప్లగ్గులకి మూతలు పెట్టండి అని. మనలాంటి ఇళ్ళలో మీరు నిజంగా ఏం చేశారో చెప్పండి. ముందు పడుకోబెట్టడం గురించి చెప్పండి, చీర ఉయ్యాల కట్టాలా వద్దా అని ఇప్పటికే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

సిరొంచ సిస్టర్:
తల్లీ, నేను గడ్చిరోలి జిల్లాలో నర్సుగా చేస్తున్నాను. నిద్ర గురించే అడిగావు కాబట్టి అదే చెప్తాను, ఎందుకంటే నాలుగు నెలల లోపు అన్నిటికంటే పెద్ద విషయం అదే. రాత్రయినా పగలైనా, పది నిమిషాల కునుకైనా, బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకీ వద్దు, పక్కకి పెట్టిన బిడ్డ బోర్లా ఒరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాట మీద దేశమంతా ప్రచారం చేశాక, నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. కక్కిన పాలు గొంతుకి అడ్డం పడతాయేమో అని పెద్దవాళ్ళు భయపడతారు. అలా జరగదు, వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, పాలు కిందికే జారతాయి. వాడంతట వాడు అటూ ఇటూ బోర్లపడటం, మళ్ళీ వెల్లకిలా తిరగడం రెండూ నేర్చుకున్నాక రాత్రంతా లేచి తిప్పనక్కర్లేదు, కానీ పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. చాప మీద ఒక బొంత బిగుతుగా పరిస్తే సరిపోతుంది. గుంటపడే నవారు మంచం వద్దు, మెత్తటి దూది పరుపు వద్దు, దిండు, బొమ్మలు, అటూ ఇటూ పేర్చే చిన్న దిండ్లు ఏవీ వద్దు. నీ గదిలోనే, నీ చేతికి అందేంత దూరంలో వాడికి వేరే పక్క ఉంటే అన్నిటికంటే మంచిది. సోఫాలోనో కుర్చీలోనో బిడ్డని ఎత్తుకుని అలాగే నిద్రపోవడం మాత్రం చాలా ప్రమాదం. ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ తాగేవాళ్ళున్నా, మందు తాగేవాళ్ళున్నా, వాళ్ళ పక్కలో బిడ్డని అసలు పడుకోబెట్టొద్దు.

బరంపురం పిన్ని:
చీర ఉయ్యాల సంగతి నేను చెప్తానమ్మా. మా ఇంట్లోనూ ఇదే గొడవ. చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే, ఉయ్యాల ఏడుపు ఆపడానికి, జోలపాటకి, అదీ పక్కన మనిషి కూర్చుని ఉన్నంతసేపే. కన్ను మూతపడగానే చాప మీదికి. కారణం ఏంటంటే చీరలో బిడ్డ ఒళ్ళు విల్లులా వంగిపోతుంది, గడ్డం గుండెకి ఆనుకుంటుంది, అంత చిన్నవాళ్ళకి మెడ ఎత్తుకునే బలం ఉండదు, గాలి ఆడే దారి అక్కడే నొక్కుకుపోతుంది. పైన రెండు అంచులూ దగ్గరికి రాకుండా అడ్డంగా ఉయ్యాల కర్ర పెట్టాల్సిందే, అది లేని ఉయ్యాల కట్టనే కూడదు. దూలం ఎలా ఉందో, తాడు ఎక్కడైనా అరిగిందో రోజూ చూసుకోవాలి. బోర్లపడటం మొదలుపెట్టిన రోజున ఉయ్యాల విప్పేయండి, ఇంక ఆ తర్వాత వద్దు. పెద్దపిల్లలు ఊపుతామని వచ్చి మెలికలు తిప్పుతుంటారు, అది మరీ ప్రమాదం.

పర్లాకిమిడి బామ్మ:
మీరంతా చదువుకున్నవాళ్ళు, కాదనను. కానీ దిండు వద్దంటే తల గుండ్రంగా ఎలా వస్తుందమ్మా? ఆవాల దిండు పెట్టే మా పిల్లల్నీ మనవల్నీ పెంచాం. వసకొమ్ము అరగదీసి నాలుక్కి రాస్తే మాట స్పష్టంగా వస్తుందంటారు, తేనె చుక్క నాకిస్తే కఫం పోతుందంటారు, నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేస్తే జలుబు చెయ్యదు. ఇవన్నీ ఒక్కసారిగా తీసేస్తే ఆ ఇంట్లో పెద్దదానికి చెయ్యడానికి ఇంకేం మిగులుతుంది చెప్పు.

సిరొంచ సిస్టర్:
బామ్మగారూ, మీరు అడిగిన చివరి మాట నా మనసుకి తగిలింది. ఎందుకు వద్దంటున్నామో చెప్పకుండా వద్దు అని మాత్రం చెప్తే ఏ పెద్దవాళ్ళకైనా బాధే. అందుకే ఒక్కొక్కటీ చెప్తాను.

తల గురించి మీరు బెంగపడనక్కర్లేదు. వెల్లకిలా పడుకునే పిల్లల్లో వెనక కాస్త చదునైనా, మెడ నిలిపి కూర్చోవడం వచ్చాక చాలామందికి అదే సర్దుకుంటుంది. పడుకోబెట్టేటప్పుడు ఒకరోజు తల అటు, ఒకరోజు ఇటు ఉండేలా చూడండి, మెలకువగా ఉన్నప్పుడు మీరే కూర్చుని కాసేపు బోర్లా ఆడించండి, మెడకీ భుజాలకీ బలం కూడా వస్తుంది. ఇది దిండు కంటే బాగా పనిచేస్తుంది, పైగా ఈ పనికి ఇంట్లో మీకంటే ఓపికగా కూర్చునేవాళ్ళు ఎవరున్నారు?

తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, పుట్టిన రోజు నాలుక్కి రాసేది కూడా వద్దు. తేనెలో ఒక రకం బాక్టీరియా గింజలుంటాయి, మనకి ఏమీ చెయ్యవు, పసివాళ్ళ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారుచేస్తాయి, దాంతో బిడ్డ మెల్లగా నీరసించి, పాలు పీల్చలేక, మెడ వాల్చేస్తుంది. కాచినా ఆ గింజలు చావవు. వసలో బీటా-అసరోన్ అని ఒక పదార్థం ఉంటుంది, దాన్ని బట్టే అమెరికాలో వసని తిండి పదార్థాల్లో వాడకుండా 1968లో నిషేధించారు. ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, కాబట్టి వస, గుటీ అని పసివాళ్ళకి అరగదీసి నాకించే మూలికల మందు, గ్రైప్ వాటర్ అన్నీ అక్కడే ఆగిపోతాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యడం, ఏడుస్తున్న బిడ్డ నోట్లో ఆముదం పొయ్యడం అసలు వద్దు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా మందులకి తొందరగా లొంగదు. ఒంటికి నూనె రాసి మర్దనా చెయ్యడం మంచిదే, నిక్షేపంగా చెయ్యండి. సాంబ్రాణి పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో వద్దు, జుట్టు మెత్తటి తువ్వాలుతో తుడిస్తే చాలు. కాటుక కంట్లో పెట్టొద్దు, బజారు కాటుకల్లో సీసం ఉంటున్నట్టు పరీక్షల్లో తేలింది. దిష్టికి అంటారా, అరికాలికో చెవి వెనకో ఇంట్లో చేసిన చుక్క పెట్టండి.

పర్లాకిమిడి బామ్మ:
బోర్లా ఆడించడం బాగుందమ్మా, అది నేను చేస్తాను. తేనె సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ ఇలా విడమర్చి చెప్పలేదు.

కిన్వట్ నాన్న:
వసారాలో మందు డబ్బాలు అన్నారు చూడండి, నాకు అక్కడే ఆగిపోయింది కన్ను. మాదీ పత్తి ఊరే. మా పక్క జిల్లా యవత్మాళ్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ రైతులే పోయారు, అది పెద్దవాళ్ళ ఒంటికే అంత పని చేస్తే ఇంక పసివాడి సంగతి ఏం చెప్పాలి. డబ్బాలు ఇంట్లో ఉండకూడదు, అంతే. పశువుల కొట్టంలోనో, విడి గదిలోనో పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టే అలవాటుంది మన దగ్గర, దాన్ని ఇవాళే మానిపించండి, ఫినాయిల్, బాత్రూం యాసిడ్, కిరసనాయిలు కూడా అంతే. మందు కొట్టి వచ్చిన మనిషి ఆ చొక్కాతో బిడ్డని ఎత్తుకోకూడదు, బయటే సబ్బుతో స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకాలి. మామయ్యగారు చేను నుంచి రాగానే మనవడి కోసం చేతులు చాపుతారు కదా, ఆ క్షణం గురించే చెప్తున్నా. నూతి దగ్గర ఒక సబ్బు, ఒక లుంగీ ఎప్పుడూ పెట్టి ఉంచండి, ఆయనే అలవాటు పడతారు.

ఇంకో మాట. ఏదైనా తాగేశాడని తెలిస్తే వేలు పెట్టి కక్కించొద్దు, ఉప్పునీళ్ళు తాగించొద్దు. కిరసనాయిలు, యాసిడ్ విషయంలో కక్కిస్తేనే రెండోసారి దెబ్బ తగులుతుంది. ఆ సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి, డాక్టరు దాని పేరు చూడాలి.

జయపురం మేష్టారు:
మా కోరాపుట్ కొండల్లో చలికాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. బాలింత గదిలో కుంపటి పెట్టి, చలిగాలి రాకూడదని తలుపులూ కిటికీలూ బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. బిడ్డ వెచ్చగా ఉండాలంటే తల్లి గుండెకి చర్మం చర్మానికి ఆనేలా కట్టుకోవడం కంటే మంచిది లేదు, అలా కట్టుకున్నప్పుడు తల్లి మాత్రం మెలకువగా ఉండాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి ఆస్పత్రుల్లో చేయించేదీ అదే. గది వేడెక్కించాలనుకుంటే పడుకునే ముందు కుంపటి పెట్టి, తర్వాత బయటపెట్టి, కాసేపు తలుపు తీసి ఉంచి, అప్పుడు బిడ్డని తీసుకురండి.

రాయాలా వద్దా అనుకుని రాస్తున్న విషయం ఇంకొకటి ఉంది. మా కోరాపుట్, నవరంగపూర్ పల్లెల్లో బిడ్డ కడుపు ఉబ్బినా, పొట్ట మీద నీలి నరాలు కనిపించినా, ఏడుపు ఆగకపోయినా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం ఇంకా ఉంది. పెట్టేవాళ్ళు బిడ్డ మీద కోపంతో పెట్టరు, బతికించుకోవాలనే పెడతారు. అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది, పైన కాలిన పుండు, దానికి చీము, ఇంకా ఆలస్యం. కడుపు ఉబ్బి, పసరు రంగులో వాంతి అయితే పేగు మడతపడి ఉండొచ్చు, అది గంటల్లో ఆపరేషన్ చెయ్యాల్సిన సంగతి. మీ ఇంట్లో పని చేసేవాళ్ళో, పక్కింటివాళ్ళో ఈ మాట ఎత్తితే కోప్పడకుండా, వాళ్ళని కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. నేను బడిలో పెద్ద క్లాసు పిల్లలకి ఇదే చెప్తుంటాను, రేపు వాళ్ళే అన్నలు, అక్కలు.

మోటు కుర్రాడు:
మేష్టారూ నమస్తే. మల్కన్‌గిరి చివర నుంచి. మా దగ్గర దోమతెర లేకుండా బిడ్డని పడుకోబెట్టడం ఊహించుకోలేం. మలేరియా ఒకటే కాదు, కట్లపాము కూడా. అది ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, ఒక్కోసారి కాటు గుర్తు కూడా కనపడదు. దోమతెర అంచులు నాలుగువైపులా చాప కిందికి లేదా బొంత కిందికి మడిచి దోపితే పాము లోపలికి రాదు. వేలాడేసి వదిలేస్తే ఉపయోగం లేదు. మందు పూసిన దోమతెర పంపిణీలో దొరుకుతుంది, దాన్ని ఊరికే ఉతక్కండి, ఇరవై ఉతుకుల దాకానే మందు పనిచేసేలా తయారుచేస్తారు, ఎండలో కాకుండా నీడలో ఆరేయండి. కట్టెలు, పిడకలు, ఇటుకల గుట్ట గోడకి ఆనించి ఉంటే తీసేయండి. గాదె దగ్గర ఎలుకలుంటే పామూ ఉంటుంది.

మా జిల్లాలో 2016లో మెదడువాపు వచ్చినప్పుడు వందమందికి పైగా పిల్లలు పోయారు. మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో తొమ్మిది నెలలు నిండాక మొదటి డోసు ఉంటుంది, అడిగి మరీ వేయించండి.

సిరొంచ సిస్టర్:
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. రాత్రి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి ఏడుపు నీరసంగా, కనురెప్పలు వాలిపోయి, ఒళ్ళు వేలాడేస్తుంటే పాము అనే అనుమానంతోనే తీసుకెళ్ళాలి. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పాము మందు డోసు బిడ్డకీ పెద్దవాళ్ళకీ ఒకటే, ఎందుకంటే పాము బిడ్డని చూసి తక్కువ విషం వదలదు. చిన్నవాడు కదా సగం చాలు అని ఎవరైనా అంటే ధైర్యంగా అడగండి. మా వైపు ఎర్ర తేలు బెడద కూడా ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే మాత్రతో తేలు కాటు మరణాలు ఎంతగానో తగ్గించారు, కానీ ఆ మాత్ర ఆస్పత్రిలో ఇవ్వాలి, ఇంట్లో కాదు. బిడ్డ బట్టలు, గుడ్డలు దులిపి వెయ్యండి, దండెం మీది గుడ్డ తీసి నేరుగా చుట్టొద్దు.

బరంపురం పిన్ని:
అందరూ పెద్ద పెద్దవి చెప్పారు, నేను వంటింటి సంగతి చెప్తాను. పాకడం మొదలయ్యే ఏడో నెల, ఎనిమిదో నెల నుంచీ గంజి వార్చే చోటే అసలు ప్రమాదం. మనం గిన్నె వంచి గంజి నేల మీద పళ్ళెంలోకి వారుస్తాం, అదే ఎత్తులో వాడి మొహం ఉంటుంది. వార్చేటప్పుడు, పొయ్యి మీద నీళ్ళు దింపేటప్పుడు ఇంకొకరు బిడ్డని ఎత్తుకుని బయట ఉండాలి, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే అన్నం అత్తెసరు పెట్టుకోండి. వేడి టీ గ్లాసుతో బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదని మగవాళ్ళకి కూడా చెప్పండి.

కాలితే మామూలు చల్లటి నీళ్ళ ధార ఇరవై నిమిషాలు. నూతిలోంచి తోడుతూ పోసినా సరే. మిగతా ఒళ్ళు పొడిగుడ్డతో కప్పి ఉంచాలి, పసివాళ్ళు ఇట్టే చల్లబడిపోతారు. ఐసు, పేస్టు, సిరా, నెయ్యి, పసుపు ఏవీ వద్దు. బొబ్బ చిదపొద్దు.

స్నానానికి ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేణ్ణీళ్ళు కలపాలి, మోచెయ్యి పెట్టి చూడాలి, అరచెయ్యి పనులు చేసి చేసి మొద్దుబారి ఉంటుంది. నీళ్ళు పోసే ఆమెకి ముందే చెప్పండి, ముక్కులో ఊదొద్దు, రొమ్ములు పిండొద్దు, మొహం మీద ధారగా పోయొద్దు అని. స్నానం అవగానే బకెట్టు బోర్లించాలి. రెండంగుళాల నీళ్ళు చాలు, పాకే బిడ్డ తొంగిచూసి తలకిందులుగా పడితే పైకి లేవలేడు, అరవలేడు కూడా, తల బరువు అంత ఉంటుంది ఆ వయసుకి. తొట్టికి చెక్క మూత, నూతికి ఇనప జల్లెడ మూత. గుణుపురం వెళ్ళే ముందే మీ ఆయనతో ఈ రెండూ చేయించమ్మా, నువ్వు వెళ్ళాక అంటే ఇంటి పనుల్లో పడి వాయిదా పడుతుంది.

గుణుపురం కోడలు:
పిన్నీ, మూతల సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్పాను. మామయ్య కొలతలు తీసుకున్నారట. ఇంకొక్క భయం మిగిలింది. మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే మా అత్తారింటి వసారా అంతా చింతపండు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ కూర్చుని కొట్టి పిక్కలు తీస్తారు, చాప ఎత్తాక కూడా రోజుల తరబడి మూలల్లో, గడప సందుల్లో పిక్కలు దొరుకుతూనే ఉంటాయి. అప్పటికి వీడు పాకుతుంటాడు. గొంతులో పడితే ఏం చెయ్యాలి? తలకిందులుగా పట్టుకుని ఊపాలంటారు మా ఇంట్లో.

సిరొంచ సిస్టర్:
ఊపొద్దు తల్లీ, మెదడు దెబ్బతింటుంది. నోట్లో గుడ్డిగా వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ముందు వాడిని చూడు. గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వు, దగ్గరే ఉండు. శబ్దం రాకపోతే, పెదాలు నీలంగా మారుతుంటే, కూర్చుని బిడ్డని నీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి తొడ మీద ఆనించు, దవడని వేళ్ళతో పట్టుకో, గొంతు నొక్కొద్దు, తల ఒంటికంటే కిందికి ఉండాలి. అరచేతి మడమతో వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య ఐదుసార్లు గట్టిగా చరుచు. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ముల గీతకి కాస్త కింద ఛాతీ మధ్య ఎముక మీద ఐదుసార్లు నొక్కు. మళ్ళీ వీపు, మళ్ళీ ఛాతీ, వస్తువు బయటికి వచ్చేదాకా. పొట్ట నొక్కడం ఏడాదిలోపు పిల్లలకి వద్దు. స్పృహ తప్పితే గుండె నొక్కుతూ ఊపిరి ఊదాలి, ఇంకొకరు అప్పటికే 108కి చెయ్యాలి. ఇది చదివితే రాదు, ఆస్పత్రిలో సిస్టర్‌ని అడిగి బొమ్మ మీద ఒకసారి చేసి చూడు, ఇంట్లో అందరిచేతా చేయించు.

పిక్కలు, వేరుశెనగ గుళ్ళు, జీడిపప్పు, బఠాణీలు, సీతాఫలం గింజలు, ద్రాక్ష, ఇవన్నీ ఆ గొంతుకి సరిపోయే సైజువే. పాకే ముందు ఒకరోజు నువ్వే నేల మీద బోర్లా పడుకుని గది అంతా చూడు. రిమోట్‌లోనూ బొమ్మల్లోనూ ఉండే బొత్తాం బ్యాటరీ మింగితే మాత్రం బాగానే ఉన్నాడు కదా అని ఆగొద్దు, రెండు గంటల్లో ఆహారనాళం కాలిపోవచ్చు.

రాయగడ మెడికల్ షాపు:
నా అనుభవంలో రోజూ చూసేది చెప్తాను. పారాసిటమాల్ డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. మామూలుగా దొరికే డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల నుంచి ఉంటుంది. సిరప్ మూత కొలతతో డ్రాప్స్ పోస్తే నాలుగు రెట్ల దాకా మందు లోపలికి పోయినట్టే. డ్రాప్స్‌తో వచ్చిన డ్రాపర్ ఆ సీసాకే వాడండి, డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, చీటీలో మిల్లీలీటర్లలో రాయించుకోండి. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు మందు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది, నేను అడిగినా ఇవ్వను. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉంటే షాపుకి కాదు, నేరుగా ఆస్పత్రికి.

ముకుందపురం ఆశా అక్క:
మా ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి బిడ్డని చూడటం గురించి ఎవరూ రాయలేదే! ఆస్పత్రిలో పుట్టిన బిడ్డని మేం 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూస్తాం, తర్వాత మూడో నెల నుంచి మూడు నెలలకోసారి పదిహేనో నెల దాకా. సిస్టర్‌గారి గడ్చిరోలిలోనే డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ ఇలా ఇంటికెళ్ళి పసిబిడ్డని చూడటం ఊరి ఆడవాళ్ళకి నేర్పించి 39 ఊళ్ళలో చేసి చూపించారు, నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పుట్టింటి నుంచి అత్తారింటికి మారేటప్పుడే పిల్లలు మా పుస్తకాల్లోంచి తప్పిపోతారు. గుణుపురం వెళ్ళగానే అక్కడి ఆశాని పిలిచి తల్లీబిడ్డల కార్డు చూపించు చెల్లీ, మళ్ళీ టీకా తేదీ ఎప్పుడో రాయించుకో. వాకర్ ఎవరైనా కానుకగా ఇస్తామంటే వద్దని చెప్పు, గడప దగ్గర బోల్తా కొడుతుంది. కెనడాలో 2004 నుంచి అమ్మడమే నిషేధం.

గుణుపురం కోడలు:
అక్కా, తప్పకుండా. ఇంకొకటి, అత్తమ్మ మా ఆయన చిన్నప్పటి ఉన్ని స్వెటర్లు, టోపీలు ట్రంకు పెట్టెలో దాచి ఉంచారు, వీడికి వెయ్యాలని. కలరా ఉండలు వేసి దాచారు. వెయ్యొచ్చా?

సిరొంచ సిస్టర్:
అలాగే తీసి వెయ్యొద్దు తల్లీ. ఆ ఉండల్లో నాఫ్తలీన్ ఉంటే, ఎర్ర రక్తకణాలని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా పుట్టిన పిల్లల్లో ఆ ఆవిరికే రక్తకణాలు పగిలిపోతాయి. మన వైపు జనంలో ఆ లోపం ఉన్నవాళ్ళు బాగానే ఉంటారు, పుట్టినప్పుడు ఎవరూ పరీక్ష చేసి ఉండరు. ఉండలు తీసేసి, బట్టలు సబ్బుతో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్నాళ్ళు ఎండలో వెయ్యమను, కాస్తయినా వాసన ఉంటే వాడొద్దు. తర్వాత అదే పెట్టెలో ఎండు వేపాకు వేసి దాచుకోవచ్చు, పెట్టె మాత్రం బిడ్డ పడుకునే గదిలో వద్దు. ఎప్పుడైనా అలాంటి బట్టలు వేశాక బిడ్డ కళ్ళు పసుపురంగులోకి తిరిగినా, ఒళ్ళు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆ బట్టలు తీసేసి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి కలరా ఉండల సంగతి డాక్టరుకి చెప్పాలి.